ఇంటూ గుర్తు కొట్టిన చెత్తబుట్ట

మీ లాప్‌టాప్ చార్జరు ఒకసారి తిరగేసి చూడండి. లేదా ఇంట్లో ఏ కెమేరానో, పాత సెల్‌ఫోనో తీసుకుని వెనకాల ఉన్న సన్నటి అక్షరాలు చదవడానికి ప్రయత్నించండి (నా వయసు వాళ్ళకైతే కళ్ళజోడు తప్పదు). చక్రాలున్న చెత్తబుట్ట బొమ్మ, దాని మీద ఇంటూ గుర్తు, చాలా వాటిలో దాని కింద ఒక నల్లటి గీత కనిపిస్తాయి. చెత్తలో వేయొద్దని అర్థమని అందరం ఊహించగలం. ఆ నల్ల గీత సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ వస్తువు 2005 ఆగస్టు 13 తరవాత యూరప్ మార్కెట్లోకి వచ్చింది అని దానర్థం. అంటే, ఇది పాడైపోయాక దీని కర్మకాండల ఖర్చు దీన్ని తయారు చేసి అమ్మినవాడిదే అని. అమెరికాలో కొన్న వస్తువు మీద యూరప్ చట్టం ముద్ర ఎందుకుందీ అంటే, కంపెనీలు దేశానికొక లేబులు అచ్చు వేయడం దండగ కాబట్టి. ఆ చట్టం ఎలా పుట్టిందో, ఎంతవరకు పని చేసిందో, మనకీ మన ఊళ్ళకీ దానితో ఏమిటి సంబంధమో చెప్పాలని ఈ వ్యాసం.

మన చిన్నప్పుడు ఇలాంటి సమస్యే లేదు. పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటామని కేకేసుకుంటూ బండి వచ్చేది. చిల్లుపడిన బిందెకీ, విరిగిన బకెట్టుకీ డబ్బులో, ఉల్లిపాయలో ఇచ్చేవాడు. పారేసే వస్తువుకి ఎదురు డబ్బిచ్చే వ్యవస్థలో చెత్త గురించి చట్టం ఎవరికి కావాలి? చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, బిందెలో ఉన్నది ఇత్తడి ఒక్కటే. కంప్యూటర్లో బంగారం, రాగి ఉన్నాయి, వాటి పక్కనే సీసం, కాడ్మియం, పాదరసం కూడా ఉన్నాయి. మంచిదాన్ని తీసుకుని చెడ్డదాన్ని వదిలేస్తే లాభం. రెండింటినీ పద్ధతిగా విడదీస్తే చాలాసార్లు నష్టం. ఈ రంగం చరిత్రంతా ఆ నష్టాన్ని ఎవరి నెత్తిన రుద్దాలా అన్న తగువే.

కథ కంప్యూటర్లతో మొదలు కాలేదు, బూడిదతో మొదలైంది. 1986లో ఫిలడెల్ఫియా నగరంలో చెత్త తగలబెట్టగా మిగిలిన సుమారు 14,000 టన్నుల బూడిదని ఖియాన్ సీ అనే ఓడకెక్కించి పంపించారు. బహమాస్ మాకొద్దంది. తరవాత ఒక్కో రేవూ తలుపు మూసింది. 1988 మొదట్లో హైతీ దేశంలో గొనాయీవ్ పట్టణం దగ్గర, సముద్రపు ఒడ్డున, పొలాలకి వేసే ఎరువని చెప్పి సుమారు 4,000 టన్నులు దించేసి ఓడ జారుకుంది. ఆ తరవాత దాని పేరు మారింది, మళ్ళీ మారింది, చివరికి సింగపూర్‌లో ఖాళీ ఓడగా తేలింది. మిగతా బూడిదంతా సముద్రాల్లో పోసేశారు. హైతీలో దించిన బూడిద మాత్రం 2000లో మళ్ళీ ఓడెక్కి అమెరికా వచ్చి, 2002లో పెన్సిల్వేనియాలోనే ఒక చెత్త గోతిలో పడింది. పదహారేళ్ళు తీర్థయాత్ర చేసి పుట్టింటికి చేరిందన్నమాట!

అదే 1988లో ఇటలీ నుంచి వచ్చిన విష వ్యర్థాల డ్రమ్ములు నైజీరియాలో కోకో అనే రేవు పట్టణంలో ఒకాయన స్థలంలో బయటపడ్డాయి. ఈ రెండు సంఘటనలతో ప్రపంచం ఉలిక్కిపడింది. 1989 మార్చి 22న స్విట్జర్లాండ్‌లోని బేసెల్ నగరంలో ఒప్పందం కుదిరింది. ప్రమాదకరమైన వ్యర్థాన్ని ఇంకో దేశానికి పంపాలంటే ముందుగా ఆ దేశానికి రాతపూర్వకంగా చెప్పి ఒప్పించాలి. 1992లో అది అమల్లోకి వచ్చింది, భారతదేశం కూడా ఆ ఏడాదే చేరింది. అమెరికా 1990లో సంతకం పెట్టింది. 1992లో సెనేట్ సరేనంది. కానీ దాన్ని అమలు చెయ్యడానికి కావలసిన చట్టం కాంగ్రెస్ ఇప్పటికీ చెయ్యలేదు. అందుకే ఆ ఒప్పందంలో అమెరికా సభ్యదేశం కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే తరవాత జరిగిన చాలా సంగతులు అర్థమవుతాయి.

బేసెల్ ఒప్పందం సరుకు ఎక్కడికి పోకూడదో చెప్పింది గానీ, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పలేదు. ఆ ఆలోచన స్వీడన్ నుంచి వచ్చింది. లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో స్వీడన్ పర్యావరణ శాఖకి ఇచ్చిన నివేదికలో తయారీదారుడి బాధ్యత అమ్మకంతో ఆగకూడదు, వస్తువు చివరిదాకా సాగాలి అన్నాడు. వినడానికి నీతిబోధలా ఉంటుంది గానీ, ఇంజనీరు కళ్ళతో చూస్తే ఇది అచ్చమైన ఫీడ్‌బ్యాక్ లూప్. పాత టీవీని విప్పే ఖర్చు మునిసిపాలిటీదైతే, టీవీ డిజైన్ చేసేవాడు స్క్రూ బదులు జిగురు వాడతాడు, వాడికి పోయేదేమీ లేదు. విప్పే బిల్లు ఆ డిజైనరు పనిచేసే కంపెనీకే వస్తే, వచ్చే మోడల్లో స్క్రూలు వాటంతటవే ప్రత్యక్షమవుతాయని ఆయన ఆశ. ఈ ఆశ పూర్తిగా నెరవేరిందని చెప్పలేను. ఈనాటి ఫోన్లు విప్పి చూసినవాళ్ళకి జిగురే ఎక్కువ కనిపిస్తుంది. దానికి కారణం తరవాత చెబుతాను.

ముందుగా జర్మనీ 1991లో ప్యాకింగ్ సామగ్రికి ఈ సూత్రాన్ని వర్తింపచేసింది. ఎలక్ట్రానిక్స్‌లో దారి చూపింది స్విట్జర్లాండ్. అక్కడ ప్రభుత్వం చట్టం చెయ్యకముందే, 1994లో కంప్యూటర్ కంపెనీల సంఘం స్వికో తనంతట తాను పాత యంత్రాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది. చట్టం 1998లో వచ్చింది. జపాన్ 1998లో చట్టం చేసి 2001 ఏప్రిల్ నుంచి టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, ఏసీలు తయారీదారులే తీసుకోవాలంది. అయితే అక్కడ పారేసేటప్పుడు వాడకందారు రుసుము కట్టాలి.

ఇక 2002 ఫిబ్రవరి. బేసెల్ యాక్షన్ నెట్‌వర్క్, సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కోయిలిషన్ అనే రెండు సంస్థలు కలిసి ఒక నివేదిక వెలువరించాయి. అమెరికాలో రీసైక్లింగ్‌కి అని ఇచ్చిన కంప్యూటర్లు చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గ్వీయూ అనే ఊరికి చేరుతున్నాయని ఫోటోలతో సహా చూపించాయి. అమెరికన్ ఆఫీసుల ఆస్తి చీటీలు ఇంకా అంటుకునే ఉన్న మానిటర్లు, బొగ్గుల కుంపటి మీద సర్క్యూట్ బోర్డులు వేడి చేసి చిప్పులు పీకుతున్న ఆడవాళ్ళు, చిప్పుల్లోంచి బంగారం తియ్యడానికి యాసిడ్ తొట్లు, రాగి కోసం కాలుస్తున్న వైర్ల పొగ. 2007లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం గ్వీయూలో 165 మంది పిల్లల రక్తం పరీక్షిస్తే సగటున డెసిలీటరుకి 15.3 మైక్రోగ్రాముల సీసం కనబడింది. అప్పట్లో 10 దాటితే ప్రమాదం అనేవారు. నూటికి 80 మందికి పైగా పిల్లలు ఆ గీత దాటారు. చైనా 2000లోనే ఈ దిగుమతిని నిషేధించింది సుమా! నిషేధం కాగితం మీద, కంటైనరు రేవులో.

ఇదే సమయంలో కంపెనీలకి భయం పుట్టించిన సంఘటన ఇంకొకటి జరిగింది. 2001 చివర్లో, క్రిస్మస్ అమ్మకాలకి ముందు, నెదర్లాండ్స్ అధికారులు సోనీ ప్లేస్టేషన్లు సుమారు 13 లక్షలు ఆపేశారు. కారణం గేమ్ బాక్సు కాదు, దాని కేబుల్. ఆ కేబుల్ పైతొడుగులో కాడ్మియం ఆ దేశపు పరిమితిని మించి ఉంది. సోనీ ఆ కేబుల్ స్వయంగా చెయ్యలేదు, ఎవరో సప్లయరు చేశాడు, ఆ సప్లయరుకి ఇంకెవరో రంగు కలిపిన ప్లాస్టిక్ అమ్మాడు. పెద్ద కంపెనీకి తన వస్తువులో ఏముందో తనకే తెలియదని ఆ రోజు తేలింది. తరవాత సోనీ తన సప్లయర్లందరినీ తనిఖీ చేసి సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతి పెట్టుకుంది.

2003 ఫిబ్రవరి 13న యూరప్‌లో రెండు శాసనాలు కవలపిల్లల్లా పుట్టాయి. ఒకటి వీ డైరెక్టివ్, పాత సామాను వెనక్కి తీసుకోవడం గురించి. రెండోది రోహ్స్, కొత్త సామానులో ఏం ఉండకూడదో దాని గురించి. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం, మంటలు అంటకుండా ప్లాస్టిక్‌లో కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు, ఈ ఆరూ 2006 జులై 1 తరవాత 0.1 శాతం మించకూడదు. కాడ్మియం అయితే 0.01 శాతమే. దీంతో టంకం వేసే లోహమే మార్చాల్సి వచ్చింది. తగరం, సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరిగేది. సీసం తీసేసి వెండి, రాగి కలిపితే 217 దాకా వేడి చెయ్యాలి. ఓవెన్లు మార్చాలి, ఆ వేడికి తట్టుకునే చిప్పులు కావాలి. సీసం లేని తగరం మీద కాలక్రమాన సన్నటి మీసాలు మొలిచి షార్ట్ సర్క్యూట్ చేస్తాయన్న పాత భయం కూడా తిరిగొచ్చింది.

నా పని అప్పట్లో ఈ వ్యవహారానికి సంబంధించిన డేటాబేస్ మీద. యూరప్‌లో అమ్మే ప్రతి కంపెనీ ప్రతి దేశంలోనూ రిజిస్టరు చేసుకోవాలి, ఎన్ని కిలోల సరుకు మార్కెట్లో పెట్టిందో వర్గాలవారీగా లెక్క చెప్పాలి, ఆ వాటా ప్రకారం సేకరణ ఖర్చు కట్టాలి. కంపెనీలు విడివిడిగా ఈ బాధ పడలేక కలిసి నడుపుకునే సంస్థల్లో చేరాయి. బ్రిటన్‌లో వీటిని కంప్లయన్స్ స్కీములంటారు, అక్కడ 2007లో మొదలయ్యాయి. మా డేటాబేస్‌లో పార్టు నెంబరు, ధర, సప్లయరు, గోదాములో ఏ అరలో ఉందో అన్నీ ఉన్నాయి. ఒక్కటే లేదు, బరువు. ముప్ఫై ఏళ్ళుగా వస్తువులు అమ్ముతున్నవాళ్ళకి అవి ఎన్ని కిలోలో చెప్పమని ఎవరూ అడగలేదు మరి. మా టీములో సగం మంది గుంటూరు, వరంగల్ కుర్రాళ్ళమే. ఎక్సెల్ షీట్లలో వేల పార్టుల బరువులూ, సప్లయర్ల డిక్లరేషన్లూ నింపించడానికి అర్ధరాత్రి తైవాన్‌కి ఫోన్లు చేసేవాళ్ళం.

ఇక్కడే లిండ్‌క్విస్ట్ ఆశకి గండిపడింది. ఆయన అడిగింది ఎవరి వస్తువు ఖర్చు వాళ్ళు భరించాలని. జరిగింది అందరూ బరువు ప్రకారం చందా వేసుకోవడం. సులువుగా విప్పగలిగే మంచి ప్రింటరు చేసినవాడికీ, జిగురుతో అతికించినవాడికీ కిలోకి రేటు ఒకటే. ఇంక మంచివాడికి వచ్చే లాభం ఏముంది? అయినా చట్టం వ్యర్థం కాలేదు. మొదట మనిషికి ఏటా 4 కిలోలు సేకరించాలన్న లక్ష్యంతో మొదలై, 2012లో సవరించాక 2019 నుంచి అమ్మిన సరుకులో 65 శాతం అన్నదాకా వచ్చింది. చాలా దేశాలు ఆ 65 అందుకోలేకపోయాయి. అయినా లెక్క అంటూ ఒకటి ఉంది. రోహ్స్ అయితే నిస్సందేహంగా గెలిచింది. దాని పుణ్యాన ప్రపంచం మొత్తంలో టంకం మారింది.

అమెరికాలో ఏం జరిగింది? 2001లో కంపెనీలు, రాష్ట్రాలు, పర్యావరణ సంఘాలు కూర్చుని దేశమంతటికీ ఒకే పద్ధతి కోసం కొన్నేళ్ళు చర్చించాయి. టీవీ కంపెనీలు కొనేటప్పుడే కొనుగోలుదారు దగ్గర రుసుము తీసుకుందామన్నాయి. కంప్యూటర్ కంపెనీల్లో కొన్ని ఎవరిది వాళ్ళం చూసుకుందామన్నాయి. తెగలేదు. దాంతో రాష్ట్రానికొక దారి అయింది. కాలిఫోర్నియా 2003లో చట్టం చేసి 2005 జనవరి నుంచి తెరసైజుని బట్టి 6 నుంచి 10 డాలర్ల రుసుము పెట్టింది. అది కట్టింది మనం, తయారీదారు కాదు. మెయిన్ రాష్ట్రం 2004లో మొదటిసారి తయారీదారుడి జేబులో చెయ్యి పెట్టింది. వచ్చిన పాత టీవీల బ్రాండ్లు లెక్కపెట్టి ఎవరి బిల్లు వాళ్ళకి పంపించింది. మూతపడిపోయిన కంపెనీల టీవీలని చట్టంలోనే 'అనాథలు' అన్నారు, ఆ ఖర్చు బతికున్నవాళ్ళు పంచుకోవాలి. టెక్సాస్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు తరవాత చేరి మొత్తం సుమారు 25 అయ్యాయి. మనవాళ్ళు వేలల్లో ఉన్న జార్జియా, ఒహాయో, ఫ్లోరిడాల్లో ఇలాంటి చట్టం లేదు. దేశమంతటికీ వర్తించే చట్టం అసలే లేదు.

చట్టం ఉన్నచోట అంతా సవ్యమనుకోకండి. వాషింగ్టన్ రాష్ట్రంలో 2009 నుంచి కంపెనీల ఖర్చుతో ప్రజలకి ఉచితంగా పాత టీవీలు తీసుకునే మంచి పథకం నడిచింది. అందులో పెద్ద రీసైక్లర్ సియాటిల్‌లోని టోటల్ రీక్లెయిమ్. పర్యావరణవేత్తలు మెచ్చుకునే సంస్థ, విదేశాలకి పంపమని ప్రమాణం చేసిన సంస్థ. పాదరసం గొట్టాలుండే ఫ్లాట్ మానిటర్లని విప్పడానికి మనుషుల ఖర్చు ఎక్కువ. బేసెల్ యాక్షన్ నెట్‌వర్క్ వాళ్ళు పాడైన మానిటర్లలో జీపీఎస్ పరికరాలు దాచి సేకరణ కేంద్రాల్లో ఇచ్చేసి కూర్చున్నారు. వాళ్ళ కంప్యూటర్ తెర మీద చుక్క కదిలి, సముద్రం దాటి, హాంకాంగ్‌లో తేలింది. 2008 నుంచి 2015 దాకా 80 లక్షల పౌండ్లకి పైగా అలా పంపినట్టు తేలింది. యజమానులిద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2019లో ఒక్కొక్కరికి 28 నెలల జైలు పడింది. డబ్బు కట్టినవాళ్ళూ ఉన్నారు, తనిఖీ కాగితాలూ ఉన్నాయి. పట్టిచ్చింది మాత్రం ఒక జీపీఎస్.

భారతదేశం సంగతికొస్తే, 2011లో చేసిన నియమాలు 2012 మే 1న అమల్లోకి వచ్చాయి. తయారీదారు బాధ్యత అన్న మాట ఉంది, ఎన్ని కిలోలు అన్న అంకె లేదు. అంకెలు రావడానికి 2016 నియమాలూ, 2018 సవరణా కావలసి వచ్చాయి. మొదటి ఏడాది 10 శాతం, ఏటా పది పెంచుకుంటూ పోవాలి. 2022లో మళ్ళీ తిరగరాశారు. వస్తువుల జాబితా 21 నుంచి 106కి పెరిగింది, సోలార్ ప్యానెళ్ళు కూడా చేరాయి. ఇప్పుడు రీసైక్లరు తాను చేసిన పనికి సర్టిఫికెట్ పుట్టిస్తాడు, కంపెనీ దాన్ని కొనుక్కుంటుంది. ఆ సర్టిఫికెట్ మరీ చవకైపోకుండా ప్రభుత్వం కనీస ధర పెడితే, 2025లో ఎల్.జి., శాంసంగ్, డైకిన్ లాంటి కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. నష్టం ఎవరి నెత్తిన అన్న తగువే మళ్ళీ!

మన హైదరాబాద్‌కి ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. చర్లపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-మెట్ సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహాలు తీసే పద్ధతి అభివృద్ధి చేసింది, ఈ-వ్యర్థాల కోసం ప్రత్యేక కేంద్రమే నడుపుతోంది. అయితే యంత్రానికి మేత అందాలి కదా. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరికి వచ్చి, తూచి, చేతిలో నోట్లు పెట్టి పాత మిక్సీ తీసుకెళ్ళేవాడికి పన్నులేదు, పొగ గొట్టానికి వడపోత ఖర్చు లేదు. సర్టిఫికెట్ ఉన్న ఫ్యాక్టరీ ఆ ధర ఇవ్వలేదు. 2022 నియమాల ప్రకారం రిజిస్టరు చేసుకోవలసినవాళ్ళు నాలుగు రకాలు. ఉత్పత్తిదారు, అమ్మకందారు కంపెనీ, మరమ్మతు చేసి అమ్మేవాడు, రీసైక్లరు. తోపుడుబండివాడు ఆ జాబితాలో లేడు. వాడిని కలుపుకోకుండా ఈ పథకం నడుస్తుందని నేను అనుకోను.

చివరగా మన సంఘాలకి సంబంధించిన ఒక విషయం. పాత కంప్యూటర్లు పోగుచేసి ఊళ్ళో స్కూలుకి పంపుదామన్న ఆలోచన ప్రతి ఊరి తెలుగు సంఘంలోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఏడేళ్ళ కంప్యూటరు అక్కడికెళ్ళి ఇంకో రెండేళ్ళు పనిచేస్తే, ఆ తరవాత దాని కర్మకాండ ఆ స్కూలు హెడ్మాస్టరుగారి మెడకి చుట్టుకుంటుంది. 2025 జనవరి 1 నుంచి బేసెల్ నియమాలు ఇంకా బిగిశాయి. విషం ఉన్నా లేకపోయినా, ఈ-వ్యర్థం ఏదైనా ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. అమెరికా సభ్యదేశం కాదు కాబట్టి ఇక్కడి నుంచి పంపడం మరీ చిక్కు.

మా సంఘంలో 2013లో ఈ చర్చ వచ్చింది. అరవై దాకా మానిటర్లు, చాలావరకు పాత పిక్చర్ ట్యూబువి. రామ్మోహన్ అన్నయ్యగారు కంటైనరు ఖర్చు తాను పెట్టుకుంటానన్నారు. ఆ డబ్బుతో అక్కడే కొత్తవి కొనిస్తే స్కూలు పేరున వారంటీ కూడా ఉంటుందని కొందరం అన్నాం. ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నారు. మానిటర్లని సర్టిఫికెట్ ఉన్న ఒక రీసైక్లరుకి ఇచ్చి, రసీదుతోపాటు ఆయన దగ్గర్నుంచి ఏ ముక్క ఎవరి చేతికి వెళ్తుందో ఆ జాబితా కూడా అడిగాను. వ్యాపారంలో దీన్ని డౌన్‌స్ట్రీమ్ లిస్టు అంటారు, అడిగితే ఇస్తారు, ఇవ్వనివాడి దగ్గర సరుకు పెట్టకండి. రెండు వారాలకి పేజీన్నర వచ్చింది. ప్లాస్టిక్ ఒకచోటికి, రాగి ఒకచోటికి, బోర్డులు కరిగించే కొలిమికి. సీసపు గాజు ఎదురుగా రాసి ఉంది, భరూచ్, గుజరాత్, ఇండియా.

దొంగతనమేమీ కాదు. అప్పటికి పాత గాజు కరిగించి కొత్త పిక్చర్ ట్యూబులు చేసే కొలిముల్లో ఇంకా వెలుగుతున్న బహు కొద్ది వాటిలో భరూచ్‌లోని వీడియోకాన్ ఫ్యాక్టరీ ఒకటి. అమెరికా నుంచి గాజు అక్కడికి చట్టప్రకారమే వెళ్ళేది. మేము పంపకూడదనుకున్న దేశానికే మా మానిటర్ల గాజు మా ప్రమేయం లేకుండా ప్రయాణం కట్టింది. ఇంకో రెండుమూడేళ్ళకి ఇండియాలో కూడా అందరూ ఫ్లాట్ టీవీలకి మారడంతో ఆ గిరాకీ పోయింది. అమెరికాలో గాజు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో క్లోజ్డ్ లూప్ అనే కంపెనీ 2016లో వేల టన్నుల సీసపు గాజు గోదాముల్లో వదిలేసి మూతపడింది. గోదాముల యజమానులు ఆ కంపెనీ మీదే కాకుండా, అక్కడికి గాజు పంపిన రీసైక్లర్ల మీద కూడా దావా వేశారు.